తోలు చూసినంకనే కత్తి పట్టు

కరీంనగర్,
జులై 12.

చిరంజీవి ప్రసన్నకు మీ కాక దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఉట్నూరుల బడి అయిపోయినంక సాయంత్రం పూట తోలు పని నేర్చుకుంటనని రాసినవు. పనిముట్ల పెట్టె ఏది తెప్పియ్యాలె, ఏ తోలు కొనాలె, బకిళ్లు, గుండీలు ఎట్లాంటివి తేవాలె అని అడిగినవు. అన్నీ చెప్త. గాని ఆ పెట్టె మాత్రం ఇప్పుడే తెప్పియ్యకు. ముప్పై పనిముట్లున్న పెట్టెల నీకు మొదటి ఏడాది పనికొచ్చేవి ఆరో ఏడో ఉంటయి. ముందుగాల నేర్చుకోవాల్సింది తోలును చూసుడు. అది వస్తే మిగిలింది చేతికి అదే వస్తది.

మీ బాపు ఈ ముచ్చట విని మొహం చిట్లించిండట. ఆయన మీద అలగకు. మీ తాత మోటబొక్కెనలు కుట్టిండు, ఎడ్లకు మువ్వల పట్టెడలు చేసిండు, ఊరంతటికి కిర్రుచెప్పులు చేసిండు. కరెంటు మోటర్లు వచ్చి మోట పోయింది, కంపెనీ చెప్పులు వచ్చి కిర్రుచెప్పులు పోయినయి. పని పోయినా ఆ పని చేసినోళ్ల మీద ఊరి చిన్నచూపు పోలేదు. అందుకే మమ్ముల బడికి పంపిండు. నువ్వు నెల జీతం తీసుకుంట ఇష్టంతోని తోలు పొడిచే ఆరె పడుతున్నవు. మీ తాతకు పట్టక తప్పలేదు. ఈ తేడా మనసుల పెట్టుకో, మీ బాపు చిరాకు నీకు అర్థమైతది.

తోలు పనిల శాస్త్రం లేదని ఎవరన్నా అంటే యలవర్తి నాయుడమ్మ పేరు చెప్పు. 1922ల గుంటూరు జిల్లా యలవర్రుల పుట్టిండు. మద్రాసుల కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయిండు, తర్వాత దేశంల ఎన్నో శాస్త్ర పరిశోధనా సంస్థలకు పెద్ద అయిన సీఎస్ఐఆర్‌ను నడిపిండు. 1985ల కనిష్క విమానం పేలుడుల పోయిండు.

ఇగ తోలు సంగతి. డప్పుకు కట్టేది ఊనవేసిన తోలు కాదు, పచ్చితోలు గుంజి ఎండబెట్టింది. అందుకే వానకు మెత్తబడుతది, మంటకు కాపితే బిగుస్తది. చెప్పుకు, బెల్టుకు, సంచికి అది పనికిరాదు. వాటికి ఊనవేసిన తోలు కావాలె. మీ తాత కాలంల పచ్చితోలును సున్నం నీళ్లల్ల నానబెట్టి, బొచ్చు గీకి, మంచిగ కడిగి, తంగేడు చెక్క నీళ్లున్న తొట్టిల, అంటే లందల, వారాల తరబడి ఉంచేటోళ్లు. తంగేడుతోని ఊనిన తోలు ఎండకు ఎర్రబడుతది, అందుకని ఆఖరుకు కరక్కాయ నీళ్లల్ల ముంచేటోళ్లు. బతుకమ్మల పేర్చే తంగేడు, ఇప్పుడు రాష్ట్ర పుష్పం, ఒకప్పుడు మన లందలకు ప్రాణం. కరక్కాయ మీ ఆదిలాబాద్ అడవులల్ల కూడ దొరుకుతది.

చెక్క, కాయలతోని ఊనిన దాన్ని ఇప్పటి బజార్ల వెజ్ టాన్ అంటరు. క్రోమియం ఉప్పులతోని ఒకటి రెండు రోజుల్లనే ఊనేది క్రోమ్ టాన్. బజార్ల ఎక్కువ కనవడేది ఇదే. కొనేముందు నాలుగు పరీక్షలు చెయ్యి. కోసిన అంచు చూడు: లోపలిదాంక గోధుమ రంగు ఉంటే వెజ్ టాన్, నడుమ నీలం బూడిద రంగు గీత కనవడితే క్రోమ్. రంగు, పాలిష్ లేని చోట నీటిబొట్టు వెయ్యి: వెజ్ టాన్ పీల్చుకుని అక్కడ ముదురుతది, క్రోమ్ మీద బొట్టు చాలాసేపు నిలుస్తది. గోరుతోని గట్టిగ గీకు: వెజ్ టాన్ మీద గీత నిలుస్తది. ఆఖరుకు తిప్పి వెనక చూడు: బట్ట నేత కనవడితే అది రెక్సిన్, ఎంత మెరిసినా వాపస్ ఇచ్చెయ్. తోలు తుక్కును జిగురుతోని అతికి చేసే బాండెడ్ లెదర్ కూడ వద్దు, ఏడాది తిరిగేలోపు పొరలు లేస్తది.

నువ్వు నేర్చుకునేందుకు వెజ్ టాన్ మంచిది. తడిపి మలిస్తే ఆ వంపు నిలుపుకుంటది, అంచు నున్నగ మెరుస్తది, ముద్ర పడుతది. మెత్తటి చేతిసంచికి, నీళ్లు తగిలే వస్తువుకు క్రోమ్ పనికొస్తది. బెల్టుకు, పట్టీకి బర్రె తోలు బలం. పర్సుకు, లోపలి అరలకు మేక తోలు, పలుచగ ఉన్నా గట్టిది. గొర్రె తోలు అస్తరుకు బాగుంటది, లాగితే సాగుతది కాబట్టి బరువు మోసే చోట పెట్టకు. 2019 పశుగణనల గొర్రెల లెక్కల మన తెలంగాణే దేశంల ముందున్నది గనుక చౌకగ దొరికిందని ఎవరన్నా ఇస్తే ఈ మాట యాది పెట్టుకో.

తోలు మొత్తం ఒక్క తీరుగ ఉండదు. వెన్నుపూసకు అటూ ఇటూ ఉండేది గట్టి భాగం, బెల్టులు అక్కడ్నే, వెన్ను పొడుగున కోయాలె. మెడ దగ్గర ముడతలుంటయి. పొట్ట దిక్కు సాగుతది, అక్కడ కోసిన బెల్టు ఆరు నెలల్ల వంకర పోతది. చిన్న ముక్కలు కొనేటప్పుడు రెండు దిక్కుల పట్టి గుంజి చూడు, ఎటు సాగుతదో తెలుస్తది. మందం బెల్టుకు మూడున్నర మిల్లీమీటర్లు, తాళాల పట్టీకి రెండున్నర, పర్సు పైభాగానికి ఒకటిన్నర లోపల, లోపలి అరలకు ఒకటి దాటకుంటే చాలు. కొందరు మందాన్ని ఔన్సులల్ల చెప్తరు, ఒక ఔన్సంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. ధర చదరపు అడుగు లెక్కన పెడ్తరు. చెన్నైల పెరియమేట్ తోలు సరుకుకు పెద్ద బజారు. కాన్పూరు, కలకత్తా దిక్కు నుంచి కూడ తెప్పిచ్చుకోవచ్చు. ఎక్కడైనా ముందు నమూనా ముక్క అడుగు. మొదటిసారి పూర్తి తోలు కొనకు, తుక్కు ముక్కలు కిలో లెక్కన దొరికితే అవే తీసుకో.

పనిముట్లకు వస్తే: పదునైన కత్తి, స్టీలు స్కేలు, ఆరె, నాలుగు మిల్లీమీటర్ల ఎడంతోని బొక్కలు పొడిచే ఫోర్కు, కట్టె సుత్తె, మొన మొద్దుగ ఉండే రెండు సూదులు, మైనం పట్టిన దారం. చెప్పులు కుట్టేటోళ్లకు సామాను అమ్మే దుకాణాలల్ల ఆరె, తోలు గీసే రంపె, దారం దొరుకుతయి. తేనె మైనం మీ ఏజెన్సీల తేనె తీసేటోళ్లను అడిగితే ఇస్తరు. దారానికి రెండుసార్లు రాస్తే కుట్టు జారదు, నీళ్లు పీల్చదు. కత్తి పదును గురించి బద్ధకం చెయ్యకు. మొద్దు కత్తితోని బలం పెట్టి కోసినప్పుడే వేళ్లు తెగుతయి. ఒక్క దెబ్బకు తెంపాలని చూడకు, అదే గీత మీద మూడు నాలుగుసార్లు మెల్లగ లాగు. స్కేలు పట్టిన చెయ్యి కత్తి పోయే దారిల ఉండొద్దు.

కుట్టు రెండు సూదులది నేర్చుకో. ఒక్క దారానికి రెండు కొసలకు రెండు సూదులు, ప్రతి బొక్కలకెల్లి రెండూ ఎదురెదురుగ దాటాలె. మిషన్ కుట్టుల ఒక చోట దారం తెగితే వరుసగ ఊడుతది. ఈ కుట్టుల ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటది. కుట్టు గీతకు నాలుగింతల పొడుగు దారం తీసుకో. అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపల గీత కొట్టు. ప్రతి బొక్కల ముందు పోయే సూది ఎప్పుడూ ఒక్క దిక్కుదే కావాలె, లేకుంటే కుట్లు అటొకటి ఇటొకటి వాలుతయి. కుట్టే ముందు సొల్యూషన్ జిగురు రెండు ముక్కలకూ పలుచగ రాసి, వేలికి జిగురు తగలకుండ ఆరినంక ఒత్తు. తడి మీదనే అతికిస్తే పట్టదు. మెరిసే మొహం మీద అతికేటట్టుంటే అక్కడ ఇసుక కాగితంతోని గరుకు చెయ్యి.

అంచు చూస్తే పనోడి చెయ్యి తెలుస్తది. ముందు 220 నంబరు ఇసుక కాగితం, తర్వాత 400, తర్వాత 600. ఆనక కొంచెం నీళ్లు గాని, పలుచగ కలిపిన తుమ్మ జిగురు గాని రాసి, నున్నటి కట్టెతోనో మందపు బట్టతోనో వేడి పుట్టేదాంక రుద్దు. ఇది వెజ్ టాన్‌కే కుదురుతది. క్రోమ్ అంచు ఎంత రుద్దినా పోగులు లేస్తది, దానికి అంచు రంగు వెయ్యాలె, లేదా అంచును మలిచి కుట్టాలె.

ఇగ లోహపు సామాను. బకిల్ కొనేటప్పుడు అయస్కాంతం తీసుకపో. అంటుకుంటే లోపల ఇనుము, పై పూత పోయినంక తుప్పు పడుతది. అంటుకోకున్నా మోసం ఉండొచ్చు: జింకు మిశ్రమం కూడ అంటుకోదు, తేలికగ ఉంటది, కిందపడితే విరుగుతది. గట్టి ఇత్తడి బరువుంటది, కనిపియ్యని మూల గీకి చూస్తే లోపల కూడ పసుపే. రివెట్ కొనేముందు తోలు మందం కొలువు. తోలుల నుంచి బయటికి రెండు మూడు మిల్లీమీటర్ల రివెట్ కాడ కనవడాలె. పొడుగైతే లోపల వంగుతది, పొట్టిదైతే పట్టదు. బొక్క కాడకు సరిపోను ఉండాలె, పెద్దది కొట్టొద్దు. రివెట్, టిచ్ బటన్ గట్టి ఇనుప దిమ్మ మీద పెట్టి నిటారుగ ఒకటి రెండు దెబ్బలతోనే కూర్చోబెట్టు. బల్ల మీద పెట్టి కొడితే బల్ల ఊగి దెబ్బ పక్కకు పోతది. అలంకారానికి దూరం పోవద్దు. మీ పక్క ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంల ఓజా పనోళ్లు మైనం అచ్చుతోని ఇత్తడి గంటలు, మువ్వలు పోస్తరు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోతపనికి 2018ల భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. తాళాల పట్టీకి అక్కడి చిన్న మువ్వ ఒకటి కడితే ఏ కంపెనీ సామానూ దాని ముందు ఆగదు.

ఇత్తడి దగ్గర తోలుల నూనె ఎక్కువైతే పచ్చటి జిడ్డు పుడుతది, పొడిబట్టతోని తుడిస్తే పోతది. ఇనుముతోని మాత్రం జాగ్రత్త. తడిసిన వెజ్ టాన్‌కు ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతది, అది పోదు. చెక్కల ఉండే టానిన్, ఇనుము కలిస్తే నలుపు పుడుతది. కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుము, బెల్లం పులిసిన నీళ్లతోని నల్ల గీత గీసేది ఈ గుణం వల్లనే. నువ్వు కూడ తోలును నల్లగ చెయ్యాలనుకుంటే రంగు కొనకుండ సిర్కల ఇనుప తురుము నానబెట్టి వడగట్టి రాయొచ్చు. ఆ సీసా మూత గట్టిగ బిగియ్యకు, లోపల గాలి పుడుతది. ముందు తుక్కు ముక్క మీద చూసుకో.

మన దిక్కు వాతావరణం తోలుకు కష్టమే. వానకాలం ప్లాస్టిక్ కవర్ల పెడితే బూజు పడుతది, నూలుబట్టల చుట్టి గాలి తగిలే చోట పెట్టు. తడిసిన తోలును పొయ్యి దగ్గర, ఎండల ఆరబెట్టకు, ముడుచుకుని గట్టిపడుతది. నీడల ఆరనియ్యి. ఎండకాలం సొల్యూషన్ రాస్తుంటేనే ఆరిపోతది, పొద్దున్నే పని చేసుకో, కిటికీలు తెరిచి పెట్టు. వెనకట చెప్పులకు ఆముదం రాసేటోళ్లు. రాస్తే పలుచగ, ఒక్క పొర చాలు. కొబ్బరినూనె మీ చలికాలంల తోలు మీదనే పేరుకుంటది.

ఏది ముందు చెయ్యాలంటే, తాళాల పట్టీ, కార్డుల జేబు, బెల్టు, ఆ తర్వాతనే సంచి. కార్డు 86 మిల్లీమీటర్ల పొడుగు, 54 వెడల్పు ఉంటది. కుట్టుకు, కార్డు జారేందుకు జాగ కలిపి జేబు పది సెంటీమీటర్ల పొడుగుండాలె. బెల్టు కొలత ప్యాంటు నంబరు చూసి తీసుకోకు. వాడుతున్న బెల్టు బకిల్ మడత నుంచి రోజూ పెట్టే బొక్క దాంక కొలువు, అది నడిమి బొక్క. దానికి అటు రెండు, ఇటు రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఎడంతోని పొడువు. జీన్స్‌కైతే 38 మిల్లీమీటర్ల వెడల్పు. బకిల్ లోపలి కొలత కూడ అంతే ఉన్నదా అని తోలు కోయకముందే చూసుకో. దేనికైనా ముందు అట్టముక్క మీద నమూనా కోసి, మడిచి, సరిపోయినంకనే తోలు మీద పెట్టు.

ఒక పని మాత్రం తప్పకుండ చెయ్యి. మీ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దమనిషి ఉంటే ఆయన దగ్గర కొన్ని సాయంత్రాలు కూసో. ఆరె ఎట్ల పట్టాలె, రంపెతోని అంచు ఎట్ల పలుచన చెయ్యాలె అనేది వీడియోల కంటె ఆయన చేతుల్ల తొందరగ తెలుస్తది. ఊరికే నేర్చుకోకు, ఆయన పొద్దుకు పైసలియ్యి. రేపు నీ పని బాగుండి ఎవరన్నా కొంటమంటే, నాకు జీతం ఉన్నది గదా అని ఉత్త పుణ్యానికి, తోలు ఖరీదుకు ఇచ్చెయ్యకు. తోలు, సామాను, నీ చేతిపని గంటలు మూడూ లెక్కగట్టి ధర చెప్పు. నువ్వు అగ్గువకు అమ్మితే ఆ పనితోనే బతికేటోని ధర పడిపోతది. సరదాకు చేసేటోళ్లు ఈ పనికి చెయ్యగల మేలు దానికి సరైన ధర నిలబెట్టుడే.

ఇట్లు,
మీ కాక