తల వంచిన పండితుడు



క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము నాశనమైన తరువాత యూద ధర్మశాస్త్ర పండితులు యబ్నెలో న్యాయసభగా కూడేవారు. పౌలు గురువైన గమలియేలు మనుమడు, రెండవ గమలియేలు, ఆ సభకు అధ్యక్షుడు. నెలవంకను చూశామన్న సాక్షులను నమ్మి ఆయన నెలారంభమును ప్రకటించాడు. ఆ సాక్ష్యము చెల్లదన్నాడు రబ్బీ యెహోషువ. నెల మారితే పండుగలూ మారతాయి. ప్రజలు రెండుగా చీలిపోతారు.

యెహోషువ లెక్క ప్రకారము ప్రాయశ్చిత్త దినమైన రోజునే చేతికర్ర, డబ్బు తీసుకొని తన వద్దకు రమ్మని గమలియేలు ఆజ్ఞాపించాడు. ఆ పవిత్ర దినమున ప్రయాణము, డబ్బు ముట్టుట నిషిద్ధము. యెహోషువ మనస్సు ఎంత నలిగిందో ఊహించండి! అయితే, ఆ సాక్ష్యమును మొదట తప్పుపట్టిన దోసా పండితుడే ఆయనకు హితవు చెప్పాడు: ఈ సభ తీర్పును కాదంటే మోషే నాటి నుండి వచ్చిన ప్రతి తీర్పునూ కాదనవలసి వస్తుందని.

యెహోషువ వెళ్లాడు. గమలియేలు లేచి, ఆయన తలను ముద్దాడి, జ్ఞానములో తనకు గురువని, విధేయతలో శిష్యుడని గౌరవించాడు.

లోబడినవాడు చిన్నవాడు కాలేదు. ఆజ్ఞాపించినవాడు ఆయనను చిన్నబుచ్చలేదు. మన కుటుంబములో, మన విచారణలో పెద్దలమైనా, పిన్నలమైనా, ఈ ఇద్దరిలో మన పాఠము ఎవరి వద్ద ఉన్నదో ఆలోచించుకుందాము.