పులిసిన పిండి వాసన ఏం చెబుతుంది?

బీరు తయారుచేసేవారు రుచిలో తేడా వస్తే ముందుగా వాసన చూస్తారు. వెన్న వాసన వస్తే డైఅసిటైల్ మిగిలిపోయిందని అనుమానిస్తారు. పచ్చి ఆపిల్ వాసన వస్తే అసిటాల్డిహైడ్ ఎక్కువైందని, మందుల వాసన వస్తే నీటిలోని క్లోరిన్ ఫినాల్ పదార్థాలతో కలిసిందని అనుకుంటారు. ఇదే పద్ధతి మన ఇళ్లలోని ఇడ్లీ పిండికీ పనికొస్తుంది. పిండి పులవడం కూడా సూక్ష్మజీవులు జరిపే కిణ్వన ప్రక్రియే కదా!

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ దీనికి మంచి ఉదాహరణ. రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. విశాఖ తీరంలో సముద్రం వల్ల రాత్రి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా మరీ ఎక్కువగా మారదు. సముద్రానికి దూరంగా ఉన్న ఖరగ్‌పూర్‌లో వేసవి పగళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటాయి. జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. అందుకే రాత్రి రుబ్బి పొద్దున్నే ఇడ్లీ వేసే పాత లెక్క అక్కడ వేసవిలో ఒకలా, చలికాలంలో మరోలా తప్పుతుంది.

పొంగడం వెనుక రెండు పనులు

పిండి పొంగాలంటే వాయువు పుట్టాలి, అది బయటికి పోకుండా నిలవాలి. నిలబెట్టేది మినప్పప్పు. అందులోని జిగురు, మాంసకృత్తులు కలిసి బుడగల చుట్టూ పొరలా ఏర్పడతాయి. మేదినీపూర్ ప్రాంతంలో బెంగాలీలు వేసే గహనా బొరి వడియాలకు ఆధారం కూడా ఈ గుణమే. ఆ పిండిని గిలక్కొట్టి గాలి ఎక్కిస్తారు.

వాయువును పుట్టించేది బ్యాక్టీరియా. ఇడ్లీ పిండి పొంగడానికి ప్రధాన కారణం ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని 1965లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఇది బయటినుంచి కలిపేది కాదు, పప్పు, బియ్యంతో పాటే వస్తుంది. చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌నూ తయారుచేస్తుంది. తర్వాత పెరిగే ఇతర లాక్టిక్ బ్యాక్టీరియా పులుపును పెంచుతాయి.

పిండి పొంగకపోతే లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అప్పుడే రుబ్బిన మినప పిండిని చుక్కంత తీసి నీళ్లలో వేయాలి. తేలితే పప్పు, రుబ్బడం బాగున్నట్టే, ఇక బ్యాక్టీరియా పని చూడాలి. మునిగితే పప్పు పాతదై ఉండవచ్చు, లేదా సరిగా నలిగి ఉండకపోవచ్చు.

వాసన, కారణం, ఉపాయం

పులుపు ఘాటుగా ఉండి, పొంగి మళ్లీ కుంగిపోతే: వేడి ఎక్కువైంది లేదా సమయం మించింది. ల్యూకోనాస్టాక్‌కు 20 నుంచి 30 డిగ్రీలు అనుకూలం. అంతకంటే బాగా వేడెక్కితే, వాయువు ఇవ్వకుండా ఆమ్లం మాత్రమే చేసే బ్యాక్టీరియాది పైచేయి అవుతుంది. మిక్సీ రాపిడి వల్ల కూడా పిండి వేడెక్కుతుంది కాబట్టి వేసవిలో చల్లటి నీళ్లతో రుబ్బాలి. పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెలో పిండి మధ్యభాగం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది కనుక చిన్న గిన్నెల్లోకి సర్దడం మేలు.

పులుపు లేకుండా పచ్చి వాసన వస్తే: చలికి కిణ్వనం మందగించింది. గిన్నెకు దుప్పటి చుట్టడం ఒక్కటే చాలదు. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుంది అంతే. ముందుగా గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, ఆ తర్వాత దుప్పటి చుట్టాలి. బాగా పులిసిన పాత పిండి ఒక చెంచా కలిపితే పని త్వరగా మొదలవుతుంది.

సారా వాసన లేదా పండ్ల వాసన వస్తే ఈస్ట్‌లు, వెనిగర్ వాసన వస్తే అసిటిక్ బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు. అసిటిక్ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. రోజుల తరబడి మూత తీస్తూ, గరిటె తిప్పుతూ ఉంటే వాటికి అవకాశం దొరుకుతుంది. ఏ రోజుకు కావలసిన పిండిని ఆ రోజుకు విడిగా ఉంచుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

సబ్బు రుచి వస్తే వంటసోడా ఎక్కువైనట్టు. సోడా ఆమ్లాన్ని తగ్గించి అప్పటికప్పుడు వాయువు ఇస్తుంది. చెడిన పిండిని మాత్రం బాగుచేయదు. పైగా క్షారానికి థయమిన్ అనే బి1 విటమిన్ నశిస్తుంది.

ఎప్పుడు పారబోయాలి?

పిండికి కాపలా దాని ఆమ్లమే. బాగా పులిసిన పిండి పి.హెచ్. విలువ సుమారు 4.5కు దిగుతుంది. ఆ పులుపులో చాలా హానికర బ్యాక్టీరియా పెరగలేవు. చలిలో పులుపు ఆలస్యమైతే ఆ కాపలా కూడా ఆలస్యమవుతుంది. పులుపు లేకుండా కుళ్లు వాసన వచ్చే పిండిని అందుకే నమ్మకూడదు.

ఆవిరిపై ఉడికిస్తే అన్నీ పోతాయనుకోవడం పొరపాటు. బియ్యంలో తరచూ కనిపించే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే వాంతుల విషం మరిగే వేడికి కూడా నశించదు. గులాబీ, నారింజ, నలుపు రంగు మచ్చలు గానీ బూజు గానీ కనిపిస్తే పైపొర తీసేసి మిగతాది వాడుకోకూడదు. బూజు పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి. గిన్నెడు పిండి పోతే పోనీ, మొత్తం పారబోయాలి.

రుబ్బిన వేళ, ఆనాటి చలి లేదా వేడి, పొంగడానికి పట్టిన గంటలు కొన్ని వారాల పాటు కాగితం మీద రాసుకుంటే ఏ ఊరి వంటింటికైనా తన సొంత లెక్క దొరుకుతుంది. విశాఖలో ఎనిమిది గంటలు పట్టే పని ఖరగ్‌పూర్‌లో మేలో ఇంకా తక్కువ సమయంలో ముగియవచ్చు, జనవరిలో పగలంతా పట్టవచ్చు. పిండి సిద్ధమైందో లేదో చెప్పేవి గడియారం కంటే దాని పొంగు, పులుపు, వాసనలే.