ఆవులింత: కారణాలు, పశుపక్ష్యాదులలో దానిని గుర్తించే విధానం

ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడని తెలుగు సామెత. ఒకరి ఆవులింత చూసినవారికి ఆవులింత వస్తుందనీ, తుమ్ము విషయంలో అలా జరగదనీ పూర్వులు గమనించారు. అయితే ఆవులింత ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు చాలామంది చెప్పే సమాధానం మాత్రం సరైనది కాదు. పశుపోషణలో నోరు తెరవడమనే లక్షణాన్ని సరిగా అర్థం చేసుకోకపోతే ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. కనుక ఈ విషయం విస్తరణ శాస్త్రవేత్తలకు అవసరమైనది.

ఆవులింత స్వరూపం

నోరు పూర్తిగా తెరచి దీర్ఘంగా గాలి పీల్చడం, దవడ, మెడ కండరాలు సాగడం, ఆపై త్వరగా గాలి వదలడం ఆవులింతలోని మూడు దశలు. మనుషులలో ఇది సుమారు 6 సెకన్లు ఉంటుంది. ఒకసారి మొదలైన తరువాత మధ్యలో ఆపడం కష్టం. మెదడులోని హైపోథాలమస్ భాగం, డోపమైన్, ఆక్సిటోసిన్ వంటి రసాయనాలు దీనిని ప్రేరేపిస్తాయని ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో తేలింది.

ప్రాణవాయువు కొరత వాదం

రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆవులింత వస్తుందని చాలాకాలం భావించారు. అమెరికాకు చెందిన రాబర్ట్ ప్రొవైన్, ఆయన సహచరులు 1987లో ఈ వాదాన్ని పరీక్షించారు. కార్బన్ డయాక్సైడ్ 3 నుండి 5 శాతం ఉన్న గాలిని పీల్చినవారిలో శ్వాసవేగం పెరిగింది గాని ఆవులింతలు పెరగలేదు. 100 శాతం ప్రాణవాయువు పీల్చినవారిలో అవి తగ్గలేదు. గాలి పీల్చే అవకాశమే లేని గర్భస్థ పిండం సైతం ఆవులిస్తుంది. కాబట్టి ఈ వాదం నిలబడదు.

మెదడును చల్లబరిచే ప్రక్రియ

నిద్రకు ముందు, నిద్ర లేచిన తరువాత, విసుగు లేదా ఆందోళన కలిగినప్పుడు ఆవులింతలు ఎక్కువ. మెదడు ఒక స్థితి నుండి మరొక స్థితికి మారే సమయంలో ఇవి వస్తాయని దీనివల్ల తెలుస్తుంది. ఈ సమయంలో మెదడు ఉష్ణోగ్రతను తగ్గించడం ఆవులింత ప్రయోజనమని ఆండ్రూ గాలప్ 2007లో ప్రతిపాదించారు. నుదుటిపై చల్లని పట్టీ ఉంచినప్పుడు ఆవులింతలు తగ్గాయి. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో బాటసారులను పరిశీలించగా, దాదాపు 37 డిగ్రీల వేడి ఉన్న వేసవిలో కంటె 22 డిగ్రీల శీతకాలంలో ఎక్కువమంది ఆవులించారు. బయటి గాలి శరీరమంత వేడిగా ఉన్నప్పుడు అది మెదడును చల్లబరచలేదన్న వివరణకు ఇది అనుగుణం. 101 జాతుల క్షీరదాలు, పక్షులకు చెందిన 1,291 ఆవులింతలను కొలిచిన 2021 నాటి అధ్యయనంలో మెదడు పెద్దదైనకొద్దీ ఆవులింత నిడివి పెరిగినట్లు తేలింది. అయినప్పటికీ ఈ ప్రతిపాదనను శాస్త్రజ్ఞులందరూ అంగీకరించలేదు.

ఆవులింత అంటుకోవడం మనుషులకే పరిమితం కాదు. చింపాంజీలలో, గొర్రెలలో, పందులలో ఇది నమోదైంది. 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మనిషి ఆవులింత చూసిన 29 కుక్కలలో 21 ఆవులించాయి.

ఆవులింతగా భ్రమింపజేసే లక్షణాలు

అ) కోళ్ళలో రొప్పడం: కోళ్ళకు స్వేద గ్రంథులు లేవు. ఎండ తీవ్రతకు అవి రెక్కలు దూరంగా ఉంచి, ముక్కు తెరచి ఆపకుండా రొప్పుతాయి. వీటికి నీడ, చల్లని నీరు, గాలి వెంటనే కల్పించాలి.

ఆ) శ్వాసనాళపు పురుగు: సింగమస్ ట్రేకియా అనే ఎర్రని పురుగు శ్వాసనాళంలో చేరితే కోడిపిల్లలు మెడ చాచి మాటిమాటికీ నోరు తెరుస్తాయి, దగ్గుతాయి, తల విదిలిస్తాయి. వానపాములను, నత్తలను తిన్న పెరటి కోళ్ళకు ఇది సోకే అవకాశం ఉంది.

ఇ) పశువులలో రేబిస్: ఇది అన్నిటికంటె ప్రమాదకరం. పక్షవాతపు రకం రేబిస్ సోకిన ఆవులు, గేదెలు పదేపదే ఆవులిస్తున్నట్లు నోరు తెరుస్తాయి. నిజానికి అది శబ్దం వెలువడని అరుపు. చొంగ కారడం, మేత మానడం, వెనుక కాళ్ళు తూలడం తోడవుతాయి. గొంతులో ఏదో అడ్డుపడిందని భావించి రైతు నోటిలో చేయి పెట్టడం పరిపాటి. చేతిపై చిన్న గీత ఉన్నా లాలాజలం ద్వారా వ్యాధి సోకవచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే.

కాబట్టి అటువంటి పశువు నోటిలో చేయి పెట్టరాదని, దానిని వేరుగా కట్టి పశువైద్యునికి తెలియజేయాలని, దాని పాలు వాడరాదని రైతులకు బోధించాలి. లాలాజలం తగిలినవారు ఆ భాగాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, పశువు రోగనిర్ధారణ కోసం వేచి ఉండక అదే రోజు ఆసుపత్రిలో టీకా ప్రారంభించాలి.

ముగింపు

ఆరోగ్యవంతమైన పశువు ఆవులింత అప్పుడప్పుడు వచ్చి సెకన్లలో ముగుస్తుంది. ఆ తరువాత పశువు మామూలుగా మేస్తుంది, నెమరు వేస్తుంది. ఆగకుండా నోరు తెరుస్తూ మేత మానిన పశువు విషయంలో మాత్రం అది ఆవులింత కాదన్న అనుమానంతోనే పరిశీలన ప్రారంభం కావాలి.