వ్యోమయానమున మూగజీవులు

మానవుడు అంతరిక్షమున ప్రవేశించుటకు పూర్వమే మూగజీవులు ఆ మార్గమున పయనించినవి. దానిని వాని త్యాగమని మనము చెప్పుకొనుచుందుము. కాని త్యాగమనగా తెలిసి, ఇష్టపడి చేయునది. ఆ జీవులకు తామెచటికి పోవుచున్నవో తెలియదు. కావున వానిని పంపినవారి ధర్మమేమియో మనము విచారింపవలసియున్నది.

1957 నవంబరు 3వ తేదీన సోవియట్ రష్యా లైకా యను ఆడుకుక్కను స్పుత్నిక్-2లో పంపెను. అది మాస్కో వీధులలో దొరికిన కుక్క. వీధికుక్కలు ఆకలికిని చలికిని ఓర్చుకొనగలవని శాస్త్రజ్ఞుల తలంపు. 1951 నుండి రాకెట్లలో పోయివచ్చిన కుక్కలు భారహీనస్థితిని కొలది నిమిషములే యనుభవించినవి. అంతకు మించినచో ప్రాణి జీవించునా? ఇది తెలిసికొనదగిన విషయమే. కాని లైకాను తిరిగి భూమికి దింపు సాధనము ఆ నౌకలో లేదు. అక్టోబరు విప్లవపు 40వ వార్షికోత్సవమునకు ముందే ప్రయోగము జరుగవలెనని పాలకులు తొందరపడుటచే, నౌక నెలదినములలోపే నిర్మింపబడెను. లైకా కొన్ని దినములు జీవించి బాధలేక మరణించినదని నాడు లోకమునకు చెప్పిరి. వేడిమి మితిమీరుటచే కొన్ని గంటలలోనే మరణించినదని 2002లో వెల్లడియైనది.

1960 ఆగస్టు 19వ తేదీన బెల్కా, స్ట్రెల్కా యను కుక్కలు భూమిని చుట్టి, మరునాడు క్షేమముగ దిగినవి. 1961 జనవరి 31న అమెరికా పంపిన హామ్ అను చింపాంజీయు ప్రాణములతో తిరిగివచ్చెను. ఆ ఏప్రిల్ 12న గగారిన్ అంతరిక్షమునకు పోయెను.

మనుష్యుని ప్రాణమును కాపాడుటకు ఒక కుక్క మరణించిన తప్పేమి యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని గగారిన్ కు మార్గమును చూపినవి ముఖ్యముగ తిరిగివచ్చిన జీవులే. లైకా మరణమునకు విజ్ఞానముకంటె తొందరయే యధిక కారణము. ఆ కుక్కకు శిక్షణ నిచ్చినవారిలో నొకరైన ఒలెగ్ గజెంకో 1998లో తన పశ్చాత్తాపమును వెల్లడించి, దాని మరణమునకు తగినంత విజ్ఞానము ఆ ప్రయోగమువలన లభింపలేదనెను.

మన దేశమున 1960లో వెలువడిన జంతుహింసా నివారణ చట్టము విజ్ఞానమునకై జంతువులపై ప్రయోగములను నిషేధింపలేదు. అనవసరమైన బాధ కలిగింపరాదని మాత్రము శాసించినది. ఈ ప్రయోగము అవసరమా? వేరుమార్గము లేదా? బాధను తగ్గింపగలమా? ఈ మూడు ప్రశ్నలను ముందుగ వేసికొనుట శాస్త్రజ్ఞుని విధి. తన బాధను చెప్పుకొనలేని జీవి పక్షమున ఆలోచింపవలసినది మనమే గదా!