డబ్బా కొలత

వడ్రంగి ఒకతను స్పీకరు డబ్బా చేశాడు. తమ్ముడు దానికి 8 అంగుళాల వూఫర్ బిగించాడు. వూఫర్ అంటే బరువైన శబ్దాలు పలికే స్పీకరు. పాట పెట్టారు. డోలు దెబ్బ పేలవంగా వినిపించింది.

"వూఫర్ మంచిది కాదురా. డబ్బులు దండగ!" అన్నాడు అన్న.

"ఉండన్నా, షాపువాళ్ళు రాసిచ్చిన చీటీ చూద్దాం" అన్నాడు తమ్ముడు. కూడబలుక్కుని చదివాడు. "గాలి పోని డబ్బా. లోపల 30 లీటర్ల చోటు" అని ఉంది.

ఇద్దరూ డబ్బాను లోపలివైపు కొలిచారు. వెడల్పు 25, ఎత్తు 25, లోతు 16 సెంటీమీటర్లు. మూడూ హెచ్చిస్తే 10,000. దాన్ని వెయ్యితో భాగిస్తే 10 లీటర్లు. అంటే 20 లీటర్లు తక్కువ!

వూఫర్ అట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది. డబ్బాలో గాలి దాన్ని స్ప్రింగులా ఆపుతుంది. చోటు తక్కువైతే గాలి బిగుస్తుంది. అట్ట సరిగా ఊగదు. బరువైన శబ్దం తగ్గుతుంది. డబ్బా మరీ పెద్దదైతే గాలి పట్టు సడలుతుంది. సౌండు పెంచితే అట్ట మితిమీరి ఊగి వూఫర్ పాడవ్వచ్చు.

8 అంగుళాల వూఫర్లన్నిటికీ ఒకే డబ్బా సరిపోదు. దేని కొలత దానిదే.

అన్న కొత్త డబ్బా చేశాడు. లోపల వెడల్పు 30, ఎత్తు 40, లోతు 25. సందులన్నీ జిగురుతో మూశాడు. ఈసారి డోలు నిండుగా మోగింది.

"చీటీ ముందే చదివితే చెక్క మిగిలేది" అన్నాడు అన్న.

లెక్క కట్టండి: లోపల 40, 30, 20 సెంటీమీటర్లు ఉన్న డబ్బా ఎన్ని లీటర్లు?