మొండి నట్టును కదిలించడం ఎలా?

రాత్రివేళ, ఊరికి దూరంగా, కారు టైరు పంక్చరైందనుకోండి. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. మూడు నట్లు వదులయ్యాయి. నాలుగోది మాత్రం ఎంత లాగినా కదలదు! ఆ ఒక్క నట్టు మొరాయిస్తే మిగిలిన సామానంతా ఉండీ లాభం లేదు. ఇలాంటప్పుడు కండబలం కన్నా భౌతికశాస్త్రం ఎక్కువ సాయం చేస్తుంది. ఎలాగో చూద్దాం.

తాళం వేసిన నట్టు

కొన్ని కార్లలో ప్రతి చక్రానికీ ఒక ప్రత్యేకమైన నట్టు ఉంటుంది. మిగతా నట్లకు ఆరు పలకలు ఉంటే, దీని తలపై మెలికలు తిరిగిన గాడి ఉంటుంది. ఆ గాడికి సరిపోయే చిన్న ఉక్కు ముక్కే దీని తాళంచెవి. దానిని నట్టుకూ పానాకూ మధ్య ఉంచితే తప్ప నట్టు తిరగదు. దొంగలు చక్రాలు ఎత్తుకుపోకుండా ఈ ఏర్పాటు. దీనినే లాకింగ్ నట్టు అంటారు. దొంగను ఆపే ఈ నట్టే ఒక్కోసారి యజమానినీ ఆపేస్తుంది!

నట్టు ఎందుకు బిగుసుకుంటుంది?

ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు మరచుట్టులా కనబడుతుంది. అంటే మర అనేది చుట్టిన వాలుతలమే అన్నమాట. నట్టు ఈ వాలు ఎక్కుతూ బోల్టును రవ్వంత సాగదీస్తుంది. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కు ముడుచుకోవాలని చూస్తుంది. చక్రాన్ని అదిమి పట్టేది ఆ లాగుడే.

కారు చక్రపు నట్టును సాధారణంగా 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా బల భ్రామకంతో బిగిస్తారు. అప్పుడు 12 మిల్లీమీటర్ల బోల్టులో పుట్టే లాగుడు సుమారు 40,000 న్యూటన్లు. అంటే నాలుగు టన్నుల బరువంత! అయినా మన శ్రమలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా ఘర్షణను జయించడానికే పోతుంది. ఆ ఘర్షణ ఉన్నందువల్లనే కారు గుంతల్లో ఎగిరిపడినా నట్టు ఊడిరాదు.

ఇక తుప్పు సంగతి. నీరు, ఆక్సిజన్ కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరచుట్ల మధ్య ఉన్న సందులో ఉబ్బి, చీల కొట్టినట్లు బిగుసుకుపోతుంది. గాలి యంత్రంతో అవసరానికి మించి బిగించినా ఇదే ఇబ్బంది.

విప్పే పద్ధతి

మొదట హ్యాండ్ బ్రేకు వేయాలి. కారును జాకీతో లేపక ముందే నట్లు వదులు చేయాలి. చక్రం నేల మీద ఉంటే టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ దానిని తిరగనివ్వదు. లేపిన తరువాత గట్టిగా లాగితే కారు జాకీ మీది నుంచి జారవచ్చు.

గాడిలోని మట్టి తీసివేసి, తాళంచెవిని రబ్బరు సుత్తితో తట్టి అడుగంటా కూర్చోబెట్టాలి. అది వంకరగా కూర్చుంటే బలమంతా చిన్న అంచు మీదనే పడి గాడి అరిగిపోతుంది.

తలుపును బందుల దగ్గర నెట్టి చూడండి, తరువాత పిడి దగ్గర నెట్టండి. ఎక్కడ సులభం? పానా సంగతీ అంతే. 200 న్యూటన్ మీటర్లు కావాలంటే 25 సెంటీమీటర్ల పానాకు 800 న్యూటన్ల బలం పెట్టాలి. 50 సెంటీమీటర్ల పానాకు 400 చాలు. కుదుపులు లేకుండా నిలకడగా లాగాలి. పానా మీద ఎక్కి నిలబడితే కాలు జారే ప్రమాదముంది.

అప్పటికీ కదలకపోతే తుప్పు వదిలించే నూనెను మరచుట్ల దగ్గర వేసి కాసేపు ఆగాలి. దీపపు వత్తిలో నూనె ఎగబాకినట్లే ఇదీ సన్నని సందుల్లోకి పాకుతుంది. బ్రేకు మీద చుక్క కూడా పడకూడదు. అక్కడ మనకు ఘర్షణ కావాలి కదా!

పచ్చడి సీసా మూత రాకపోతే వేడినీళ్ళలో ఉంచుతాం. మూత వ్యాకోచించి వదులవుతుంది. చక్రానికి మాత్రం మంట చూపకూడదు. టైరు పేలిపోవచ్చు.

ఇవేవీ ఫలించకపోతే మెకానిక్కే దిక్కు. ఆయన దగ్గర లోపల ఎడమ మరలున్న సాకెట్టు ఉంటుంది. దానిని నట్టు మీద సుత్తితో దిగగొట్టి విప్పే దిశలో తిప్పుతారు. తిప్పేకొద్దీ అది నట్టును మరింత గట్టిగా కరుచుకుంటుంది. ఆ నట్టు మళ్ళీ పనికిరాదు.

మళ్ళీ బిగించేటప్పుడు

మరచుట్ల మీది నూనెను శుభ్రంగా తుడవాలి. ఎందుకో ఊహించండి. నూనె ఉంటే ఘర్షణ తగ్గుతుంది. అంతే బల భ్రామకంతో బిగించినా బోల్టు ఎక్కువగా సాగుతుంది, తెగిపోవచ్చు కూడా. వదులుగా ఉంటే చక్రమే ఊడిపోవచ్చు. అందుకే తయారీదారు చెప్పినంత మాత్రమే, టార్క్ పానాతో, ఒకదాని తరువాత దాని ఎదుటి నట్టును బిగించాలి. కొంత దూరం నడిపాక మరోసారి సరిచూడాలి. ఈ పనులన్నీ పెద్దల సమక్షంలోనే సుమా!

మీకో లెక్క: ఒక నట్టు కదలాలంటే 180 న్యూటన్ మీటర్ల బల భ్రామకం కావాలి. మీరు 300 న్యూటన్ల బలంతో లాగగలరు. పానా కనీసం ఎంత పొడవుండాలి?

(జవాబు: 60 సెంటీమీటర్లు)