ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ: లెక్కించే పద్ధతులు

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయింది. హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ, పక్కనే కెలమంగలంలో టమాటా, పూలతోటలు. ఒకే జిల్లాలో రెండు రకాల ఆర్థిక వ్యవస్థలు.

లొకేషన్ కోషియెంట్: ఒక రంగంలో స్థానిక ఉపాధి వాటాను రాష్ట్ర లేదా దేశ వాటాతో భాగించాలి. ఊహా లెక్క: హోసూరులో వందకు 30 మంది, రాష్ట్రంలో వందకు 10 మంది వాహన రంగంలో ఉంటే విలువ 3. విలువ 1 దాటితే ఆ ప్రాంతానికి ఆ రంగంలో ప్రత్యేకత ఉన్నట్టే.

షిఫ్ట్-షేర్: ఉపాధి మార్పులో మూడు భాగాలు. జాతీయ వృద్ధి, పరిశ్రమల కూర్పు, స్థానిక పోటీ సామర్థ్యం.

ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక: లియొంటీఫ్, నోబెల్ 1973.

కాబ్‌వెబ్ నమూనా: పేరు పెట్టింది కాల్డార్, 1934. టమాటాకు ధర పలికితే రైతులంతా అదే నాటుతారు. కోత నాటికి మార్కెట్ నిండా సరుకే, ధర పడిపోతుంది. మరుసటి పంటకు సాగు తగ్గి ధర మళ్లీ ఎగబాకుతుంది. రైతు నిర్ణయానికి ఆధారం పాత ధర. సప్లయి వ్యాకోచత్వం డిమాండ్ వ్యాకోచత్వం కంటే తక్కువైతేనే ధర సమతౌల్యానికి చేరుతుంది.

పరీక్షలో అడగదగినవి: అర్థశాస్త్రంలో తొలి నోబెల్ 1969లో ఫ్రిష్, టిన్‌బెర్గెన్‌లకు. క్రామర్-రావు అసమానత 1945. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి. గణాంక దినోత్సవం జూన్ 29, మహలనోబిస్ జయంతి. ఏడో షెడ్యూల్‌లో జనగణన కేంద్ర జాబితా 69వ అంశం. గణాంకాలు కేంద్ర జాబితా 94, ఉమ్మడి జాబితా 45.

అభ్యర్థులు 94, 45 అంశాలను తారుమారు చేయకుండా చూసుకోవాలి.